చీటీ చూడకుండా కొలవడం

మా స్కానింగ్ సెంటర్ రిసెప్షన్‌లో నీలం అక్షరాల బోర్డు ఒకటి ఉండేది. “ఇక్కడ ప్రతి ఎమ్మారైని ఇద్దరు డాక్టర్లు చూస్తారు. ఇద్దరి మాటా ఒక్కటే.” ఫిల్మ్ నగర్ నుంచి జూబ్లీహిల్స్ ఎక్కే దారిలో మా సెంటర్. సినిమావాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, డ్రైవర్లు, మేకప్ వాళ్లు ఆ బోర్డు చదివి కాస్త ధైర్యం తెచ్చుకొని లోపలికి వచ్చేవారు. పదకొండేళ్లు నేనూ ఆ బోర్డు ముందు నుంచే డ్యూటీకి వెళ్లాను.

అందులో అబద్ధం లేదు. ఇద్దరి మాటా నిజంగా ఒక్కటిగానే ఉండేది. అలా ఎందుకు ఉండేదో తెలిసిన రోజు నా ఉద్యోగంలో అన్నిటికన్నా చేదు రోజు. ఆ తర్వాతి ఎనిమిది నెలలు అన్నిటికన్నా గొప్పవి. ఎమ్మారై టెక్నీషియన్లుగా కొత్తగా చేరే పిల్లల కోసం ఆ సంగతి రాస్తున్నాను. మెషీన్ ఎలా నడపాలో మీకు కాలేజీలో చెప్తారు. ఇది అక్కడ చెప్పరు.

నా చదువు

నాన్న బస్సు డిపోలో మెకానిక్. యూసుఫ్‌గూడలో రెండు గదుల కిరాయి ఇల్లు. ఇంటర్ అయ్యాక ఎక్స్‌రే డిప్లొమా చేశాను, పెళ్లయ్యాక మధురానగర్‌కు వచ్చాను. నా చదువు కాగితాల మీద అంతే. మిగిలినదంతా గ్రంథాలయంలో చదివిందే.

డ్యూటీ మధ్యాహ్నం ఉన్న రోజుల్లో పొద్దున తలుపులు తీసేసరికి వెళ్లి కూర్చునేదాన్ని. శరీర నిర్మాణం మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, పక్కన డిక్షనరీ. మొదట్లో పేజీకి ఒక పూట పట్టేది. పేగులు, కాలేయం, మూత్రపిండాలు పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో దించుకునేదాన్ని. లైబ్రేరియన్ యాదగిరి గారు నవ్వేవారు.

“ఏందమ్మా, అందరు డిటెక్టివ్ నవలలు తీస్కపోతరు, నువ్వేమో కాలేయాలు తీస్కపోతున్నవ్.”

“నావి కూడ డిటెక్టివ్ కథలే సార్. దొంగ లోపల్నే ఉంటడు,” అన్నాను.

ఆయన ఆ తర్వాత కిటికీ పక్క కుర్చీ నాకోసం ఖాళీగా ఉంచేవారు. అలా నిండిన నోట్‌బుక్కులు పద్నాలుగు. వాటిని చూస్తే నాకు ఇప్పటికీ గర్వమే. దాచుకోవాల్సిన పని లేదు. డాక్టర్లు నాకు జీతం పెంచిన రోజుకన్నా, ఒక డాక్టరమ్మ “స్వరూపక్కా, ఈ నాళం ఏందో నీ నోట్‌బుక్‌ల చూడు జర,” అని అడిగిన రోజు నేను ఎక్కువ సంతోషపడ్డాను.

సినిమావాళ్లతో పని గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. షూటింగ్ నుంచి నేరుగా వచ్చేవాళ్ల జుట్టులో పిన్నులుంటాయి. విగ్గు కింద క్లిప్పులుంటాయి. ఏమీ లేవని ఒట్టేసి చెప్తారు, నమ్మవద్దు. మా మెషీన్ పెద్ద అయస్కాంతం. మీ చేతులతో మీరు తడిమి చూసుకోండి, అవతల ఉన్నది ఎంత పెద్ద హీరోయిన్ అయినా సరే. ఇక కడుపు స్కానింగ్‌కు ఊపిరి బిగబట్టడం ముఖ్యం, కదిలితే బొమ్మ మసక. అందులో డబ్బింగ్ ఆర్టిస్టులను మించినవాళ్లు లేరు. ఫైటర్లు పది సెకన్లకే వదిలేస్తారు.

నా గీత

పెద్ద డాక్టర్ మూర్తి గారు. గుంటూరు వైపు మనిషి. సెంటర్ ఆయనదే. ఆయన బొమ్మ చూసి చెప్తుంటే పక్కన నిలబడి వినడం ఒక పండుగ. ముప్పై ఏళ్ల అనుభవం, ఎక్కువ మాట్లాడరు, ఎక్కువ ఆగరు. రెండో డాక్టర్ మాధవి. వరంగల్ అమ్మాయి. చిన్న వయసు, ప్రతిదానికీ ఎందుకు అని అడిగే రకం. మొదట ఒకరు చూసి రిపోర్ట్ రాస్తే రెండోవారు చూసి సంతకం చేసేవారు.

రోజుకు వచ్చే కేసులు ఎక్కువ. డాక్టర్లకు టైమ్ తక్కువ. వాళ్లకు సాయంగా ఉంటుందని నేను ఒక పని అలవాటు చేసుకున్నాను. పాత కేసు మళ్లీ స్కానింగ్‌కు వస్తే పోయిన ఏటి రిపోర్ట్‌ను స్క్రీన్‌కు ఎడమవైపు తెరిచి పెట్టేదాన్ని. కుడివైపు ఈ ఏటి బొమ్మల్లో సరిగ్గా ఆ చోటుకే వెళ్లి, గడ్డకో తిత్తికో ఆ చివర నుంచి ఈ చివరకు కొలత గీత గీసి పెట్టేదాన్ని. డాక్టర్ వచ్చి కూర్చునేసరికి అంతా వడ్డించి ఉండేది. నన్ను ఎవరూ అడగలేదు. అందరూ మెచ్చుకున్నారు.

“స్వరూప గీత గీస్తే మళ్లీ కొలవక్కర్లేదు,” అనేవారు మూర్తి గారు.

ఆ మాట విని పొంగిపోయాను. అప్పుడే అనుమానించాల్సింది.

క్లోమం గురించి కాస్త చెప్పాలి. అది కడుపు వెనక, వెన్నెముకకు అడ్డంగా పడుకొని ఉండే గ్రంథి. ఒక చివర తల, ఒక చివర తోక. వయసు మీద పడ్డవాళ్లలో చాలామందికి అందులో నీటి తిత్తులు కనిపిస్తాయి. వేరే దేనికోసమో స్కాన్ తీస్తే ఇవి బయటపడతాయి. ఎక్కువ భాగం ఏమీ చేయవు. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి నెమ్మదిగా మారి క్యాన్సర్ అవుతాయి. అందుకే ఏడాదికోసారి ఎమ్మారై తీసి చూస్తారు. ఎంత పెరిగింది, లోపలి గోడకు కండ బొడిపె ఏమైనా వచ్చిందా, క్లోమం మధ్యలో పారే నాళం వెడల్పయిందా, ఇవీ చూడాల్సినవి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా మీద “వచ్చే ఏడు రండి” అనే మాట “ఆపరేషన్ చేద్దాం” అనే మాటగా మారిపోతుంది. క్లోమం ఆపరేషన్ చిన్నది కాదు. అనవసరంగా చేయకూడదు. అవసరమైనప్పుడు ఆపకూడదు. పాపం ఆ మనిషికి తన కడుపులో ఏముందో తెలియదు. మనం రాసిన అంకె ఒక్కటే తెలుసు.

కోటేశ్వరరావు మాస్టర్ అడిగిన ప్రశ్న

కోటేశ్వరరావు గారు కాస్ట్యూమ్స్ కుట్టే మాస్టర్. సొంతూరు తెనాలి. ఫిల్మ్ నగర్ సందులో ఆయన షాపు. ఆయన, భార్య నాగమణి గారు ఇద్దరూ కొలతలు తీస్తారు. క్లోమం తోక భాగంలో తిత్తి ఉందని తెలిసి మూడేళ్లుగా మా దగ్గరకే వస్తున్నారు. ఆ రోజు నాలుగోసారి వచ్చారు. నాకు రిటైర్మెంట్ ఇంకా ఎనిమిది నెలలుంది.

గౌను వేసుకొని కూర్చొని, పాత రిపోర్టులు మూడూ ఒళ్లో పరుచుకున్నారు.

“అమ్మా స్వరూప గారూ, ఒక మాట అడగనా? ఇందులో పద్దెనిమిది, ఇందులో పద్దెనిమిది, ఇందులోనూ పద్దెనిమిది. ఎలాగండీ?”

“మంచిదే కదా మాస్టారూ. పెరగలేదన్నమాట.”

“పెరగకపోతే సంతోషమే. నేను అడిగేది అది కాదండీ. నలభై ఏళ్లుగా మనుషుల్ని కొలుస్తున్నాను. ఒకే మనిషిని పొద్దున కొలిచి సాయంత్రం కొలిస్తే పావంగుళం అటూ ఇటూ అవుద్ది. మీకు మూడేళ్లకి మూడుసార్లు ఒకటే అంకె ఎలా వచ్చిందీ అని.”

“మాది మెషీన్ కదా,” అన్నాను.

“మెషీన్ బొమ్మ తీస్తది. కొలిచేది మనిషే కదండీ.” ఆయన నవ్వారు. “మా షాపులో ఒక పద్ధతుంది. నేను కొలిచి చీటీ రాసి మడత పెడతాను. మా ఆవిడ వచ్చి మళ్లీ కొలుస్తది. నా చీటీ చూడకూడదు. చూసిందంటే టేపు దానంతటదే నా అంకె దగ్గర ఆగిపోద్ది. తప్పు ఆవిడది కాదు, చేతిది. అందుకని రెండు చీటీలూ చివర్న విప్పుతాం. తేడా వస్తే మళ్లీ కొలుస్తాం. పెద్ద హీరో కోటు ఒకటి పాడైపోయాక నేర్చుకున్న బుద్ధిలెండి.”

నాగమణి గారు గుమ్మం దగ్గర నుంచే అన్నారు: “పాడుచేసింది ఆయన. బుద్ధి నేర్చుకుంది నేను.”

నేను నవ్వలేకపోయాను. ఆయన్ను మెషీన్‌లో పడుకోబెట్టి, “ఊపిరి పట్టండి, వదలండి,” అని చెప్తున్నాను గానీ నా చెవుల్లో ఆయన మాటే. చీటీ చూస్తే టేపు దానంతటదే ఆగిపోద్ది. మూడేళ్లుగా పాత రిపోర్ట్ పక్కన తెరిచి పెట్టుకొని గీత గీసింది ఎవరు? నేను. ఆ గీత చూసి మూర్తి గారు పద్దెనిమిది అన్నారు. అది చూసి మాధవి మేడమ్ పద్దెనిమిది అన్నారు. ఇద్దరు డాక్టర్ల మాట ఒక్కటే. ఆ ఒక్క మాట నాది. పైగా నాది కూడా పోయిన ఏటి మాట.

అంతకు ముందెప్పుడో గ్రంథాలయంలో లెక్కల పుస్తకం ఒకటి చదివాను. ఇద్దరు పరీక్షకులు ఎంతవరకు కలుస్తున్నారో చూడాలంటే, ఊరికే కలిసిపోయే భాగాన్ని ముందు తీసేయాలని అందులో ఉంది. నేను ఇలా అర్థం చేసుకున్నాను. ఎక్కువ తిత్తులు ఏమీ చేయవు కాబట్టి, ఇద్దరు డాక్టర్లు బొమ్మ చూడకుండా “మార్పు లేదు” అని రాస్తూ పోయినా చాలాసార్లు కలుస్తారు. ఆ కలయికకు విలువ లేదు. అప్పుడు నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసుకున్నాను కూడా. రాసుకున్నది నా స్క్రీన్ దగ్గరే జరుగుతోందని మాత్రం తోచలేదు. చదివినదాన్ని మన పనికి మనం అన్వయించుకోకపోతే పద్నాలుగు నోట్‌బుక్కులు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

రెండు గదులు, రెండు అంకెలు

ఆ మధ్యాహ్నం నేను చేసింది సెంటర్ పద్ధతికి విరుద్ధం. చెప్పేస్తున్నాను. మాస్టర్ గారి బొమ్మలను గీత లేకుండా, పాత రిపోర్ట్ మూసేసి మూర్తి గారి గదికి పంపాను. అదే సమయంలో అలాగే మాధవి మేడమ్ గదికీ పంపాను. మొదటి రిపోర్ట్ మీరే రాయాలని ఇద్దరికీ చెప్పాను.

గంటలో రెండు రిపోర్టులూ వచ్చాయి. మూర్తి గారిది: ఇరవై ఏడు మిల్లీమీటర్లు, లోపల చిక్కటి జిగురు. మాధవి మేడమ్‌ది: పంతొమ్మిది మిల్లీమీటర్లు, గోడకు చిన్న బొడిపె ఉందేమోనని అనుమానం.

పాత మూడు రిపోర్టులూ తీసి చూశాను. మూడింట్లోనూ “గోడ నునుపుగా ఉంది” అనే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా.

ఆ రెండు కాగితాలు పట్టుకొని మూర్తి గారి గదికి వెళ్లాను.

“ఇదేంటి? ఇద్దరు పేషెంట్లవి కలిసిపోయాయా?” అన్నారు.

“లేదు సార్. ఒక్కరివే. ఒకటి మీరు రాసింది, ఒకటి మాధవి మేడమ్ రాసింది.”

“పోయినేడు ఎంత?”

“పద్దెనిమిది. అది మీకు కనబడకుండా నేనే మూసేశాను సార్. నా గీత కూడా పెట్టలేదు.”

ఆయన కళ్లద్దాలు తీశారు. “అంటే నాకు పరీక్ష పెట్టావా స్వరూపా?”

“నాకే పెట్టుకున్నాను సార్. ఫెయిలయ్యాను.”

“ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను నేను. నువ్వు లైబ్రరీలో నాలుగు పుస్తకాలు చదివి…” అని ఆగిపోయారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కదల్లేదు.

“నేను తప్పు చేశాను సార్. నన్ను రేపు తిట్టండి. మాస్టర్ గారు కింద కూర్చొని ఉన్నారు. ఇరవై ఏడా, పంతొమ్మిదా? ఏమని చెప్పి పంపాలి?”

మూర్తి గారు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. తర్వాత ఫోన్ ఎత్తి, “మాధవీ, ఒకసారి రామ్మా. నీ కొలత నాకు చూపించు,” అన్నారు. యజమాని కుర్చీలో కూర్చున్న మనిషి తన కొలతే సరైనదని అనకుండా ముందు ఎదుటివారిది చూపించమని అడగడం నేను ఆ రోజే చూశాను. మీకు అలాంటి బాస్ దొరికితే వదులుకోకండి.

నడుమూ పొడవూ

ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చుంటే పది నిమిషాల్లో సంగతి తేలింది. ఎవరూ తప్పు కొలవలేదు. తిత్తి చిక్కుడు గింజలా ఉంది. మాధవి మేడమ్ మనిషిని అడ్డంగా కోసినట్టు కనిపించే బొమ్మ మీద కొలిచారు. మూడేళ్లుగా నేను గీత గీసిందీ ఆ బొమ్మ మీదే. మూర్తి గారు ఎదురుగా నిలబెట్టి చూసినట్టు ఉండే నిలువు బొమ్మ మీద కొలిచారు. అడ్డంగా తిత్తి దాదాపు పెరగలేదు. కిందికి పెరుగుతోంది.

మొదటి ఏటి నుంచి నిలువు బొమ్మలన్నీ తీసి వరుసగా కొలిచాం. ఇరవై. ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై ఏడు.

ఆ బొమ్మలన్నీ నేను తీసినవే. ప్రతి ఏడూ నా కళ్ల ముందే ఉన్నాయి.

మాస్టర్ గారికి ఏం చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. కొత్త అంకె ఒక్కటి రాసి ఇచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. మూర్తి గారు ఆయన్నూ నాగమణి గారినీ లోపలికి పిలిపించారు. కుర్చీలు వేయించి, స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి, జరిగింది జరిగినట్టు చెప్పారు.

మాస్టర్ గారు బొమ్మ మీద వేలితో నిలువుగా కొలిచి చూశారు. “పిల్లాడు పొడుగు పెరుగుతుంటే నడుం కొలిచారన్నమాట,” అన్నారు.

“అంతే మాస్టారూ,” అన్నాను. “కొలిచింది నేను.”

నాగమణి గారు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. “మూడేళ్లండీ,” అన్నారు. అంతే.

“ఇప్పుడేం చేయాలి సార్?” అని మాస్టర్ గారే అడిగారు.

“ఇంకొక తేడా ఉంది మాస్టారూ. లోపల కనిపించేది జిగురు అని నేను, కండ బొడిపె అని డాక్టరమ్మ. జిగురైతే భయం తక్కువ. బొడిపె అయితే ఆగకూడదు. నరంలోకి మందు ఎక్కించి మళ్లీ బొమ్మ తీయాలి. రక్తం పారే కండ అయితే మందు పీల్చి వెలుగుతుంది. జిగురు వెలగదు.”

“ఎవరు చూస్తారు?”

“ఇద్దరం. విడివిడిగా.”

“చీటీ చూడకుండా?”

“చూడకుండా.”

రెండు రోజుల తర్వాత స్కాన్ తీశాను. అంత జాగ్రత్తగా నా జీవితంలో ఏ బొమ్మా తీయలేదు. మాస్టర్ గారు డబ్బింగ్ ఆర్టిస్టులను మించి ఊపిరి బిగబట్టారు. డాక్టర్లు ఇద్దరూ వేరువేరు గదుల్లో చూసి కవర్లలో పెట్టి పంపారు. విప్పితే రెండింట్లోనూ ఒకటే: గోడకు బొడిపె, ఐదు మిల్లీమీటర్లు, మందుతో వెలిగింది. జిగురని పట్టుబట్టిన మూర్తి గారే తన చేత్తో బొడిపె అని రాశారు.

మా సెంటర్‌లో ఇద్దరు డాక్టర్ల మాట నిజంగా ఒక్కటైన మొదటి రోజు అదే.

ఆ నెలలోనే ఆపరేషన్ అయింది. క్లోమం తోక భాగం తిత్తితో సహా తీసేశారు. ముక్క పరీక్ష రిపోర్ట్ పది రోజులకు వచ్చింది. ఆ రోజు మాధవి మేడమ్ మెట్ల మీద నుంచే అరిచింది.

“అక్కా! క్యాన్సర్ గడప దాకా వచ్చిందట గని లోపలికి అడుగు పెట్టలేదట! కోసిన అంచులన్ని శుభ్రం!”

ఇద్దరం మెట్ల మీద కూలబడి ఏడ్చాం. పైనుంచి మూర్తి గారు చూసి, “పేషెంట్లు భయపడతారు, లోపలికొచ్చి ఏడవండి,” అన్నారు.

శనివారాల పోట్లాటలు

నీలం బోర్డును మూర్తి గారే స్టూల్ ఎక్కి తీశారు. ఆ తర్వాత క్లోమం కేసులన్నీ ఇద్దరూ విడిగా చూడటం మొదలుపెట్టారు. తేడా వచ్చినవాటిని శనివారం మధ్యాహ్నం ముందేసుకొని కూర్చునేవాళ్లం. నన్నూ కూర్చోమన్నారు. మొదటి శనివారం తేడాలు చూసి ఇద్దరి మొహాలూ పాలిపోయాయి. ఒకరికి గోడ మందం, ఒకరికి పలచన. ఒకరు తిత్తి నాళంతో కలిసి ఉందంటే, ఒకరు లేదన్నారు.

“సార్ గోడను కూడ కలిపి కొలుస్తుండు అక్కా!” అని నాకు ఫిర్యాదు చేసింది మాధవి మేడమ్.

“గోడ లేకుండా ఇల్లు కొలుస్తారా అమ్మా?” అన్నారు మూర్తి గారు.

“కిరాయికి ఇచ్చేటప్పుడు కార్పెట్ ఏరియానే లెక్క సార్!”

ఆ పోట్లాటల్లోంచి ఒక్క పేజీ కాగితం తయారైంది. ఏ రకం బొమ్మ మీద కొలవాలి, ఎటు ఎక్కువ పొడవుంటే అటు కొలవాలి, గోడను కలపాలా వద్దా, బొడిపె ఉందా, నాళం వెడల్పు ఎక్కడ చూడాలి, అన్నీ అందులో ఉన్నాయి. గోడ కలపాలనే తేలింది. మాధవి మేడమ్ వారం రోజులు మూర్తి గారితో ముభావంగా ఉంది. పాత రిపోర్ట్ తెరవాలి, తప్పకుండా తెరవాలి, కానీ తన కొలత రాసి సంతకం పెట్టాక. అప్పుడు పాత బొమ్మల్ని కూడా అదే పద్ధతిలో మళ్లీ కొలిచి పోల్చాలి. పాత అంకెను పాత అంకెగా నమ్మకూడదు.

నా గీతలు మానేశాను. టెక్నీషియన్ పని బొమ్మ స్పష్టంగా, ప్రతి ఏడూ ఒకే తీరుగా తీయడం. అది చిన్న పని కాదు. పోయినేడు లోపలి భాగాన్ని దళసరి ముక్కలుగా కోసినట్టు తీసి, ఈ ఏడు పలచని ముక్కలుగా తీస్తే ఏ డాక్టర్ పోల్చగలడు? ఆ పని నాదని ఎప్పుడో తెలుసు. డాక్టర్ కన్ను కూడా నాదే అనుకోవడం నా పొగరు. దానికి సాయం అని పేరు పెట్టుకున్నాను. మీరూ పెట్టుకుంటారు, చూసుకోండి.

నాలుగైదు నెలలకు శనివారాలు చిన్నవయ్యాయి. తేడాలు తగ్గిపోతూ వచ్చాయి. ఒక శనివారం ముందేసుకోవడానికి ఒక్క కేసూ లేదు. మూర్తి గారికి అనుమానం వచ్చింది. “మీరిద్దరూ నా అంకె ముందే చూసుకొని రాయడం లేదు కదా?” అని మమ్మల్ని గుచ్చి గుచ్చి అడిగారు. లేదని తేలాక మిరపకాయ బజ్జీలు తెప్పించారు. నా ఉద్యోగంలో నేను తిన్న విందుల్లో అదే పెద్దది.

రెండు కవర్లు

నా ఆఖరి వారంలో మాస్టర్ గారు మళ్లీ స్కాన్‌కు వచ్చారు. చిక్కిపోయారు. క్లోమం తోక తీసేసినందుకు షుగర్ వచ్చింది, సూది వేసుకుంటున్నారు. ఆ మూడేళ్లలో ఎప్పుడు పట్టుకొని ఉంటే ఎంత తక్కువలో పోయేదో ఎవరూ చెప్పలేరు. నేను ఆ ప్రశ్న మోస్తూనే ఉంటాను. కానీ ఆయన షాపు తెరిచి ఉంది. వేళ్లకు సుద్ద అంటుకొని ఉంది.

మాధవి మేడమ్ ఆ వారం వరంగల్‌లో ఉండి అక్కడి నుంచే బొమ్మలు చూసింది. మూర్తి గారు ఇక్కడ చూశారు. మేడమ్ పంపింది నేను చదవకుండా ప్రింట్ తీసి కవర్లో పెట్టాను. రెండు కవర్లూ మూర్తి గారి టేబుల్ మీద పెట్టాను.

“మీరే విప్పండి మాస్టారూ,” అన్నారు మూర్తి గారు.

మాస్టర్ గారు కవర్లు చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పారు. నాగమణి గారు కవర్లు లాక్కొని చింపారు. ఇంగ్లీషు రాదని నా చేతికిచ్చారు. నేను చదివాను. మిగిలిన క్లోమంలో కొత్త తిత్తి లేదు. నాళం మామూలుగా ఉంది. వెడల్పు రెండు మిల్లీమీటర్లు. రెండోది చదివాను. కొత్త తిత్తి లేదు. నాళం మామూలుగా ఉంది. రెండు మిల్లీమీటర్లు.

నాగమణి గారు ఊరుకోలేదు. “ఒకరిది చూసి ఒకరు రాయలేదు కదండీ?” అని మూర్తి గారినే నిలదీశారు.

“ఆవిడ వరంగల్‌లో ఉందమ్మా. కావాలంటే ఫోన్ చేసి అడుగు,” అన్నారాయన, చేతులు జోడించి. అప్పుడు నవ్వారు ఆమె. ఎనిమిది నెలల్లో మొదటిసారి నా వైపు చూసి నవ్వారు.

రిసెప్షన్‌లో ఇప్పుడు వేరే బోర్డు ఉంది. “ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూస్తారు. తేడా వస్తే మీకు చెబుతాం.” అది పెట్టినప్పుడు జనం భయపడి పక్క సెంటర్‌కు పోతారని మా రిసెప్షన్ పిల్లలు బాధపడ్డారు. ఎవరూ పోలేదు.

ఆ రోజు మాస్టర్ గారు, నాగమణి గారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. “రిటైరవుతున్నారటగా. జాకెట్టు కుట్టి పెడతాను, నిలబడండి,” అన్నారు మాస్టర్ గారు, మెడలోంచి టేపు తీస్తూ. రిసెప్షన్ మధ్యలోనే నన్ను నిలబెట్టి కొలిచి, చీటీ రాసి మడత పెట్టారు. నాగమణి గారు వచ్చి మళ్లీ కొలిచి, ఇంకో చీటీ రాశారు. రెండూ నా అరచేతిలో పెట్టి విప్పమన్నారు.

భుజం కలిసింది. చేయి కలిసింది. నడుం దగ్గర అరంగుళం తేడా.

“మొహమాటానికి తగ్గించి రాశారు ఈయన,” అన్నారు నాగమణి గారు.

“కాదు, నువ్వే వదులుగా పట్టావు,” అన్నారు మాస్టర్ గారు.

“మళ్లీ కొలవండి,” అన్నాను, చేతులు పైకెత్తి నిలబడి.